ఆక్యుపయర్‌గా, మేనేజర్‌గా నా పేరే రాస్తామంటున్నారు. సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న (2024 ఫిబ్రవరి)

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, బల్క్ డ్రగ్ ఇంటర్మీడియట్లు (మందుల తయారీలో మధ్య దశ రసాయనాలు), 140 మంది పనివాళ్లు. నేను ప్రొడక్షన్ చూస్తాను, డైరెక్టర్‌ను కాదు. ఫ్యాక్టరీ మేనేజర్ మానేసి నెల అయింది. ఆక్యుపయర్ (ఫ్యాక్టరీ మీద అంతిమ అధికారం ఉన్న వ్యక్తి), మేనేజర్, రెండు హోదాలకూ నా పేరు రాసి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కు పంపుతాం, ఉత్త ఫార్మాలిటీయే అంటున్నారు. కొనుగోళ్లు, నియామకాలు నా చేతిలో లేవు.

జవాబు 1

ఆక్యుపయర్‌గా మీ పేరు చెల్లదు. ఫ్యాక్టరీల చట్టం 1948, సెక్షన్ 2(ఎన్) ప్రకారం కంపెనీ అయితే డైరెక్టర్లలో ఒకరు, పార్ట్‌నర్‌షిప్ అయితే పార్ట్‌నర్లలో ఒకరే ఆక్యుపయర్. భోపాల్ గ్యాస్ ప్రమాదం తర్వాత 1987 సవరణలో ఈ నిబంధన చేర్చారు. కంపెనీలు కోర్టుకెక్కితే 1996లో జె.కె. ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది: ఆఫీసరునో ఉద్యోగినో నామినేట్ చేయడం కుదరదు, ఎవరినీ నామినేట్ చేయకపోతే ఏ డైరెక్టర్ మీదనైనా కేసు పెట్టొచ్చు. ఏ డైరెక్టర్‌ను పెట్టారో బోర్డు తీర్మానం కాపీ అడగండి.

మిమ్మల్నే డైరెక్టర్‌గా వేస్తామంటే మాత్రం జాగ్రత్త. అప్పుడు పేరూ చెల్లుతుంది, భారమూ మీదే అవుతుంది.

జవాబు 2

మేనేజర్‌గా ఉద్యోగిని పెట్టొచ్చు. కానీ అది ఫార్మాలిటీ ఎంతమాత్రం కాదు. సెక్షన్ 92 కింద ఉల్లంఘన జరిగితే ఆక్యుపయర్, మేనేజర్ ఇద్దరూ ఎవరికి వారు దోషులే: 2 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. "డబ్బు నా చేతిలో లేదు" అంటే వదలరు.

తప్పించుకునే దారి సెక్షన్ 101. అసలు తప్పు చేసిన మనిషిని కోర్టు ముందుంచి, చట్టం అమలుకు మీరు తగిన శ్రద్ధ పెట్టారనీ, అది మీకు తెలియకుండా, మీ సమ్మతి లేకుండా జరిగిందనీ రుజువు చేయాలి. నోటిమాటతో అది తేలదు. పర్మిట్లు (ప్రమాదకరమైన పనికి ఇచ్చే రాత అనుమతులు), ట్రైనింగ్ సంతకాలు, "ఈ మెషిన్ రక్షణ గార్డు విరిగింది, మార్చండి" అని డైరెక్టర్‌కు రాసిన మెయిల్, అన్నీ ఉండాలి. సంతకానికి ముందే, ప్రమాదం అనిపిస్తే ప్లాంట్ ఆపే అధికారం, ఫలానా మొత్తం వరకు సేఫ్టీ ఖర్చు చేసే అధికారం లిఖితంగా తీసుకోండి. ఆ అధికారాలు ఇవ్వలేమంటే ఒప్పుకోవద్దు.

జవాబు 3

మీ యూనిట్‌లో ముందు చూడాల్సింది రియాక్టర్‌లోకి (రసాయనాలు కలిపే పెద్ద పాత్రలోకి) మనిషి దిగడం. సెక్షన్ 36 ప్రకారం లోపల గ్యాస్ లేదని అర్హుడైన వ్యక్తి పరీక్షించి రాసిచ్చిన సర్టిఫికెట్ కావాలి. అది లేకపోతే శ్వాస పరికరం, నడుముకు బెల్టు, దానికి తాడు, తాడు రెండో కొస బయట నిలబడ్డ మనిషి చేతిలో. లోపలికి తీసుకెళ్లే కరెంటు లైటు 24 వోల్టులకు మించకూడదు. ఎక్కువగా తప్పు జరిగేది బయటి మనిషి దగ్గరే: "ఐదు నిమిషాలే కదా" అని అతన్ని ఇంకో పనికి పంపుతారు. లోపలివాడు పడిపోతే కాపాడబోయి ఇంకొకరు దిగి, ఇద్దరూ పోతారు. ఇలాంటి పర్మిట్ మీద కళ్లు మూసుకుని సంతకం పెట్టే మేనేజర్‌కు సెక్షన్ 101 పనికిరాదు.

ప్రశ్న అడిగినవారు

ఈ నెల రోజులూ మేనేజర్ కింద ఎవరు లెక్క?

జవాబు 2

సెక్షన్ 7(5): మేనేజర్‌గా వ్యవహరిస్తూ కనబడిన వ్యక్తే మేనేజర్. అలాంటివాళ్లు లేకపోతే ఆక్యుపయరే. షిఫ్టులు వేసేది, పర్మిట్లు ఇచ్చేది మీరైతే మీ పేరు ఎక్కడా రాయకపోయినా మీ మీదికే వస్తుంది. కొత్త మేనేజర్ బాధ్యత తీసుకున్న 7 రోజుల్లోపు ఆక్యుపయర్ ఇన్‌స్పెక్టర్‌కు నోటీసు పంపాలి. మానేసేవాళ్లు కూడా ఫలానా తేదీ నుంచి తాను లేనని సొంతంగా రిజిస్టర్డ్ పోస్టులో రాసి, రసీదు దాచుకోవడం మంచిది.

జవాబు 1 (2025 డిసెంబర్)

ఇప్పుడు చదివేవాళ్లకు: 2025 నవంబర్ 21 నుంచి ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వృత్తి భద్రత కోడ్, 2020 అమల్లోకి వచ్చింది. పైన చెప్పిన సెక్షన్ల నంబర్లు, శిక్షలు పాత చట్టానివి. ఆక్యుపయర్ డైరెక్టరే కావాలన్నది మారలేదు, ఇండిపెండెంట్ డైరెక్టర్ (కంపెనీతో సొంత ప్రయోజనాలు లేని బయటి డైరెక్టర్) పనికిరారని చేర్చారు. విధుల ఉల్లంఘన వల్ల ప్రమాదంలో మనిషి చనిపోతే 2 ఏళ్ల వరకు జైలు, లేదా కనీసం 5 లక్షల జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానాలో కనీసం సగం వారసులకు ఇప్పించమని కోర్టు ఆదేశించొచ్చు. ప్రమాదకర ప్రక్రియల ఫ్యాక్టరీలో 250 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉంటే సేఫ్టీ ఆఫీసర్ ఉండాల్సిందే.