మే నెల పెళ్లికి మండపమంతా అసలు పూలా, గుడ్డపూలా?

పెళ్లికూతురి అక్క, గుంటూరు:
మా చెల్లి పెళ్లి మే రెండో వారంలో, ముహూర్తం రాత్రి 11 దాటాక. ఎండల్లో అసలు పూలు మధ్యాహ్నం కడితే సాయంత్రానికి వేలాడిపోతాయని డెకరేటర్ అంటున్నాడు. మండపమంతా గుడ్డపూలు, ప్లాస్టిక్ పూలతో చేసి, ముందు వరసలో మాత్రం ఆర్కిడ్లు పెడతాడట. ఆ మాట వినగానే మా నాయనమ్మ అన్నం పళ్లెం పక్కకి జరిపేసింది. "మల్లెలు పూసే నెలలో పెళ్లి పెట్టుకుని, వాసన లేని పందిట్లో పిల్లని కూర్చోబెడతారా?" అంది. నాకూ ఆమె మాటే సబబనిపిస్తోంది. కానీ డబ్బు పెట్టేది నాన్న, రేపు పూలు వాడిపోతే మాట పడేది నేను. ఒకటే టెన్షన్‌గా ఉంది. పెళ్లిళ్లు చేసినవాళ్లు చెప్పండి.

డెకరేషన్ పని చేస్తాను, విజయవాడ:
అతన్ని తప్పు పట్టకమ్మా. ముహూర్తం రాత్రైనా మేం మధ్యాహ్నం మూడింటికల్లా పని ముగించాలి. ఆరింటికే ఫొటోలవాళ్లు దిగుతారు. మన మే ఎండకి, గాలి ఆడని హాల్లో గులాబీ తలెత్తి నిలబడదు. చామంతికి అసలిది సీజనే కాదు. రాత్రులు పొడుగైతే పూసే పువ్వది, మనకి చలికాలపు పంట. ఇప్పుడు కావాలంటే దూరం నుంచి తెప్పించాలి. ఆర్కిడ్లయితే థాయ్‌లాండ్ నుంచి విమానంలో దిగే సరుకే ఎక్కువ. నా సలహా ఒకటే: వెనక గోడకి గుడ్డపూలు, వధూవరుల చేతికందే చోట అసలు పూలు. మా అమ్మాయి పెళ్లికీ అలాగే చేశాను.

మల్లెతోట ఇంటి అమ్మాయిని, మైలవరం దగ్గర:
అన్నగారు గులాబీకీ చామంతికీ చెప్పింది నిజం. మల్లె సంగతి వేరండీ. ఇది వేసవి పువ్వు, ఎండ ముదిరేకొద్దీ మా తోటలు విరగపూస్తాయి. తెల్లవారకముందే తలకి లైటు కట్టుకుని కోతకి దిగుతాం. చీకట్లో చూసుకోవాల్సింది మొగ్గ కొన. ఆకుపచ్చగా ఉంటే అది రేపటిది, వదిలేస్తాం. నిండుగా పాలలా తెల్లబడితే ఈ సాయంత్రం విచ్చేది, కాడ విరగకుండా గిల్లుతాం. ఎండెక్కేలోపు బుట్టలు బయల్దేరాలి. ఆ మొగ్గలు పొద్దుగూకాక విచ్చడం మొదలుపెడతాయి. అంటే మీ చెల్లి తల మీద జీలకర్ర బెల్లం పెట్టే వేళకి పందిరంతా ఘుమఘుమలాడుతుంది. రాత్రి ముహూర్తానికి ఇంతకంటే కుదిరిన పువ్వేముంది చెప్పండి?

కాకపోతే మొగ్గలే కొనండి, విచ్చినవి వద్దు. మాల కట్టేవాళ్లకి దారం తడిపి కట్టమని చెప్పండి. ముడికి నాలుగు మొగ్గలు, రెండు అటు, రెండు ఇటు. ఎడంగా కడితే మూరలు ఎక్కువొస్తాయి గానీ విచ్చాక మధ్యలో దారం బోసిగా కనిపిస్తుంది. కట్టిన దండ తడిగుడ్డలో చుట్టి నీడన పెట్టండి. ఐస్‌గడ్డకి నేరుగా ఆనితే మొగ్గ కమిలిపోతుంది.

ఇద్దరు కూతుళ్ల తల్లిని, విజయవాడ:
మా పెద్దమ్మాయి పెళ్లికి మొత్తం అద్దె ప్లాస్టిక్ పూలే పెట్టించాం. ఫొటోల్లో బాగానే పడ్డాయి. పీటల వెనక నిలబడి చూస్తే రేకుల మడతల్లో దుమ్ము. ఒక పువ్వులో ఇంకెవరి పెళ్లిదో తలంబ్రాల బియ్యం, పసుపు ఆరిపోయి ఇరుక్కుని ఉంది. నా మనసు చివుక్కుమంది. చిన్నదానికి అరటి బోదెలు, కొబ్బరాకు, మామిడాకు తోరణం, దండలన్నీ బంతివే. బంతి ఎండకి ఓర్చుకుంటుంది. సాయంత్రం కాస్త లిల్లీ కలిపాం. నేలసంపెంగ అంటామే, అదే. రాత్రి అప్పగింతల దాకా వాసన తగ్గలేదు.

డెకరేషన్ పని చేస్తాను, విజయవాడ:
కడగకుండా తిప్పేవాళ్లు ఉన్నారమ్మా, కాదనను. మాట్లాడుకునేటప్పుడే పూలు తెచ్చి చూపించమని అడగండి. కానీ అసలు పూలయితే భూమికి మంచిదని కొందరు అనుకుంటారు, అక్కడ జాగ్రత్త. ఆర్కిడ్లు, జెర్బెరాలు గుచ్చే ఆకుపచ్చ ఫోమ్ దిమ్మ కూడా ప్లాస్టిక్కే, మట్టిలో కలవదు. పెళ్లయ్యాక పూలతోపాటు చెత్తబండిలోకి వెళ్లేది అదే. మల్లె, బంతి దండలకి దాని అవసరం లేదు. అక్కడ మైలవరం చెల్లెమ్మ మాటకి నేనూ ఓటేస్తాను. అన్నట్టు, పేర్లు థర్మోకోల్‌తో చెక్కిస్తామంటే వద్దనండి. అలంకరణకి థర్మోకోల్ వాడకం 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం.

పెళ్లికూతురి అక్క, గుంటూరు:
అందరి మాటలూ నాన్నకి చదివి వినిపించాను. ఆర్కిడ్లు మానేశాం. ఆ డబ్బుతో జడకి, పీటల చుట్టూ మల్లెలు. గుమ్మాలకి బంతి. వెనక గోడ దగ్గరే తేలడం లేదు. గుడ్డపూలయినా సరేనని నాన్న అంటున్నారు. నాయనమ్మ మాత్రం ఊరి నుంచి మనిషిని పిలిపించి కొబ్బరాకు అల్లిస్తానని పట్టుబట్టింది. నేనైతే నాయనమ్మ వైపే. మైలవరం చెల్లీ, మొగ్గలకి ఎప్పుడు చెప్పుకోవాలి?

మల్లెతోట ఇంటి అమ్మాయిని, మైలవరం దగ్గర:
పది రోజుల ముందే చెప్పేయండక్కా. ఆ రోజు ముహూర్తాలు ఎక్కువుంటే మధ్యాహ్నానికి మార్కెట్లో మంచి మొగ్గ మిగలదు. జడ కుట్టేవాళ్లకీ ఇప్పుడే మాట ఇచ్చి పెట్టుకోండి, మొగ్గ దొరికినంత తేలిగ్గా వాళ్లు దొరకరు.