అడ్వాన్స్ తీసుకున్నాక రేటు పెంచారు: మీకు జరిగితే ఎలా తేలింది?

గోడగడియారం:
గోడకు సరిపోయేలా ఒక పెద్ద అల్మారా చేయించుకుంటున్నాం. చేసేది చిన్న వర్క్‌షాప్, ఓనరూ ఇద్దరు పనివాళ్లూ అంతే. కొలతలు తీసుకుని, డిజైన్ గీసి, బిగించి ఇవ్వడంతో కలిపి మొత్తం ఇంత అని మాట్లాడుకున్నాం. అందులో మూడో వంతు అడ్వాన్స్ ఇచ్చేశాం. ఇప్పుడు ఫోన్ చేసి "మెటీరియల్ రేట్లు పెరిగాయండి, ఇంకో ఇరవై శాతం పడుతుంది, మీరు సరేనంటేనే కటింగ్ మొదలుపెడతాం" అంటున్నారు. వద్దంటే మా అడ్వాన్స్ సంగతేంటని అడిగితే "అది ఎప్పుడో పనిలోకి వెళ్లిపోయింది కదండీ" అన్నారు. రేటు వాట్సాప్‌లో రాసి ఉంది. సంతకాల అగ్రిమెంట్ లాంటిదేమీ లేదు.
ఇలాంటిది జరిగినవాళ్లు ఏం చేశారో, చివరికి ఎలా తేలిందో చెప్పండి. తిట్లు నాకూ వచ్చు, అవి వద్దు.

నీలిసిరా:
ముందు ఆ మెసేజ్ మళ్లీ చదవండి. "సుమారుగా", "ఎస్టిమేట్", "మార్కెట్ రేటును బట్టి" లాంటిది ఏమైనా ఉందా? ఉంటే వాళ్లకు కొంత వెసులుబాటు ఉన్నట్టే. "మొత్తం ఇంత, బిగింపుతో సహా" అని మాత్రమే ఉంటే అది ఖాయమైన రేటు. సంతకం లేదని దిగులు పడకండి. రేటు చెప్పారు, మీరు ఒప్పుకున్నారు, డబ్బు తీసుకున్నారు. చాలా దేశాల్లో ఇలాంటి పనికి ఒప్పందం అనిపించుకోవడానికి ఇది చాలు, సంతకం లేకపోతే రుజువు చేయడం కొంచెం కష్టమవుతుంది, అంతే. మీ దగ్గర మెసేజ్ ఉంది, డబ్బు వెళ్లిన రికార్డు ఉంది. ఫోన్‌లో మాట్లాడటం మాత్రం ఇక్కడితో ఆపేయండి. ప్రతిదీ రాతలోనే.

తెరచాప:
మాది ఇల్లు మారినప్పటి గొడవ. సామాన్లన్నీ లారీ ఎక్కించాక "అనుకున్నదానికంటే ఎక్కువ ఉన్నాయి" అని రేటు పెంచారు. మన సామాను వాళ్ల లారీలో ఉంటే ఇంక బేరమేముంటుంది? ఇచ్చేశాం. తర్వాత తెలిసింది, అమెరికాలో ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి సామాన్లు తరలించేవాళ్లకు దీనిమీద ప్రత్యేకంగా రూలే ఉందట. ఖాయమైన రేటు రాసిస్తే డెలివరీ రోజున అంతకు మించి అడగకూడదు. ఉజ్జాయింపు రేటైనా అప్పటికప్పుడు అందులో 110 శాతం దాటి కట్టమని పట్టుబట్టకూడదు, మిగతాది తర్వాత బిల్లు పంపుకోవాల్సిందే. అంత పెద్ద దేశం దీనికి శాతాలు కట్టి రూలు రాసుకుందంటే ఈ లారీ బేరం ఎంత పాతదో ఊహించుకోండి.
మీ కేసులో ఇంకా కటింగ్ కాలేదు. అడ్వాన్స్ తప్ప మీది ఏదీ వాళ్ల చేతిలో లేదు. మాకంటే మీరు నయం.

రంపంపొట్టు:
నేను ఇటు పక్క మనిషిని, చిన్న వర్క్‌షాపే నడుపుతున్నాను. రేటు పెంచినవాళ్లందరూ మోసగాళ్లేం కాదు. 2021లో అమెరికాలో కలప ఫ్యూచర్స్ ధర (తర్వాత అందే సరుకుకు ముందుగానే ఖాయం చేసుకునే మార్కెట్ ధర) మే నెలకల్లా అంతకు ముందు ఏడాదితో పోలిస్తే నాలుగు రెట్ల దాకా వెళ్లింది. ఒప్పుకున్న రేటుకు చేస్తే చేతి నుంచి పడే పరిస్థితి. అలాంటప్పుడు కస్టమర్‌కు ఫోన్ చేయక ఏం చేస్తాం?
కానీ ఇందులో ఒక లోపలి సంగతి ఉంది, మావాళ్లు ఎవరూ పైకి చెప్పరు. చాలా చిన్న షాపుల్లో మీ అడ్వాన్స్‌తో మీ సరుకు కొనరు. ముందు ఆర్డర్ ఎవరిదో సగంలో ఆగి ఉంటుంది, దాన్ని పూర్తి చేయడానికి వాడతారు. మీ సరుకు ఇంకో కొత్త కస్టమర్ అడ్వాన్స్‌తో కొంటారు. ఈలోగా రేటు పెరిగితే ఆ తేడా మీ నెత్తిన పడుతుంది. అదే అడ్వాన్స్ అందిన వారంలోనే బోర్డు కొని పెట్టి ఉంటే రేటు పెరిగినా మీకు సంబంధం లేదు.
కాబట్టి ఒకటే అడగండి. "నా పనికి సరుకు కొన్నారా? కొంటే ఏ తేదీన కొన్నారు, బిల్లు చూపించండి." కొన్నామంటే పెంచడానికి కారణం ఉండదు. కొనలేదంటే "మరి అడ్వాన్స్ పనిలోకి వెళ్లిపోయిందన్నారు కదా" అని మీరు అడగొచ్చు. ఏ జవాబు చెప్పినా ఒక మెట్టు దిగాల్సిందే.

మిట్టమధ్యాహ్నం:
రంపంపొట్టు గారూ, అదే 2021లో వేసవి ముగిసేసరికి ఆ కలప ధర చాలావరకు దిగిపోయింది కదా. మే నెలలో పెంచినవాళ్లు ఆగస్టులో కస్టమర్లకు ఫోన్ చేసి తగ్గించారా?

రంపంపొట్టు:
లేదు. నేనూ చేసేవాణ్ణి కాదేమో. పెరిగితే పంచుకుందాం, తగ్గితే నాది అనే లెక్క తప్పని ఒప్పుకుంటాను. అందుకే నా కొటేషన్ల మీద ఇప్పుడు "ఈ రేటు ఫలానా తేదీ వరకే" అని వేస్తున్నాను. ఆ తేదీలోగా అడ్వాన్స్ ఇస్తే రేటు కదలదు, లాభమైనా నష్టమైనా నాదే.

పాతతాళం:
చట్టం వైపు నుంచి నాలుగు మాటలు. దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి దీన్ని నేరుగా మీ కేసుకు అంటించకండి. కోర్టులు ఈ చిక్కును ఎలా చూశాయో తెలిస్తే బేరమాడేటప్పుడు ధైర్యంగా ఉంటుంది.
1900లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి అలాస్కాకు సాల్మన్ చేపలు పట్టడానికి కొందరు వెళ్లారు. సీజన్‌కు కొందరికి 50 డాలర్లు, కొందరికి 60, పట్టిన చేపల మీద ఇంకొంత అని ముందే రాసుకున్నారు. తీరా అక్కడికి చేరాక 100 ఇస్తేనే పని చేస్తామని కూర్చున్నారు. ఆ మూలకు వేరే మనుషుల్ని రప్పించే వీల్లేదు, సీజన్ చూస్తే చిన్నది. కంపెనీ మనిషి సంతకం పెట్టాడు. తిరిగొచ్చాక కంపెనీ పాత లెక్కే ఇచ్చింది. 1902లో అప్పీలు కోర్టు కంపెనీ వైపే తీర్పు చెప్పింది. ఎలాగూ చేయాల్సిన పనికి, కొత్తగా ఏమీ కలపకుండా, అవతలివాడికి వేరే దారి లేని సమయం చూసి ఎక్కువ రాయించుకుంటే ఆ రాత చెల్లదని.
దీనికి ఎదురు కేసు కూడా ఉంది, పైగా అది వడ్రంగి కేసే. ఇంగ్లండ్‌లో 27 ఫ్లాట్లకు చెక్కపని ఒప్పుకున్న మనిషి చాలా తక్కువ రేటు చెప్పుకుని మధ్యలో చతికిలపడ్డాడు. పని ఆగితే పెద్ద కాంట్రాక్టర్ పైవాళ్లకు జరిమానా కట్టాలి. అందుకని అతనే పిలిచి, పూర్తి చేసిన ప్రతి ఫ్లాటుకూ ఇంత అదనంగా ఇస్తానన్నాడు. తర్వాత ఇవ్వనన్నాడు. 1989లో అక్కడి అప్పీలు కోర్టు ఇవ్వాల్సిందే అంది. అదనం ఇస్తే కాంట్రాక్టర్‌కూ లాభముంది, అతన్ని ఎవరూ బెదిరించి ఒప్పించలేదు, తనంతట తానే అన్నాడు.
నేను చూసుకునే తేడా ఇదే. "సరేనంటేనే కటింగ్" అన్న మీ ఓనరు మొదటి కథలో మనిషి. మీరు కాస్త సాయం చేద్దామని మీ అంతట మీరే ఇస్తానని రాస్తే రెండో కథలోకి వెళ్తారు. అందుకని జాలిపడి "చూద్దాంలెండి, ఏదో ఒకటి చేద్దాం" అని మెసేజ్ పెట్టకండి.

గోడగడియారం:
చాలా థ్యాంక్స్ అండి. "సుమారు" లాంటి మాటేదీ లేదు, మెసేజ్ మళ్లీ చూశాను. డిజైన్‌లో మధ్యలో మేం ఒక సొరుగు కలపమన్నాం. దానికి "పర్లేదండి, ఇందులోనే సర్దేస్తా" అని ఆయనే రాశారు. మరి అడ్వాన్స్ తిరిగిరాదన్న మాట నిజమేనా?

పాతతాళం:
ఆయన అన్నంత మాత్రాన నిజం కాదు. అడ్వాన్స్ అంటే ఇచ్చినవాడి చెయ్యి మాత్రమే కట్టేసేదని జనం అనుకుంటారు. రోమన్ చట్టంలో జస్టీనియన్ కాలానికే లెక్క ఇంకోలా ఉంది. బయానా ఇచ్చినవాడు వెనక్కి తగ్గితే దాన్ని వదులుకోవాలి, తీసుకున్నవాడు వెనక్కి తగ్గితే రెండింతలు తిరిగివ్వాలి. ఫ్రాన్స్ సివిల్ కోడ్ 1590వ ఆర్టికల్‌లో ఇప్పటికీ అదే సూత్రం. అన్ని దేశాల్లో రెండింతలు రావు. కానీ రేటు మార్చింది ఆయన, పని ఆపింది ఆయన. మీరు వెనక్కి తగ్గలేదు. ఈ సంగతి రాతలో ఉండేలా చూసుకోండి. కోపంలో "నాకు మీ అల్మారా వద్దు" అని మాత్రం రాయొద్దు, రాస్తే ఆర్డర్ రద్దు చేసింది మీరే అవుతారు.

సన్నజాజి22:
నేను గట్టిగా నిలబడి పాత రేటుకే చేయించుకున్నాను. కిచెన్ అరలు. రేటులో నెగ్గాను కానీ పలచటి బోర్డు వేశారు, ఛానెళ్లు నాసిరకం. ఒప్పందంలో బోర్డు మందం ఎక్కడా రాయలేదు కాబట్టి అడగడానికి ఏమీ లేకపోయింది. మీరు పాత రేటుకే ఒప్పిస్తే అదే మెసేజ్‌లో మందం, బ్రాండు, కీళ్ల రకం అన్నీ రాయించండి. మనసులో ఏడుస్తూ చేసేవాడి చేత పని చేయించుకోవడం వేరే టెన్షన్, అది కూడా లెక్కలో వేసుకోండి.

మిట్టమధ్యాహ్నం:
నేనైతే అడిగినంతా ఇచ్చేశాను, బాధ కూడా లేదు. వేరే ఇద్దరిని రేటు అడిగితే, ఈయన పెంచాక చెప్పినదానికంటే వాళ్లే ఎక్కువ చెప్పారు. ముందు ఇచ్చిన డబ్బును పక్కన పెట్టి, ఈ రోజు ఈ పనికి బయట ఎంత అవుతుందో కనుక్కోండి. పోయిన అడ్వాన్స్ కోసం పట్టుదలకు పోయి ఇంకోచోట ఎక్కువ ఇచ్చి వచ్చినవాళ్లను చూశాను.

నీలిసిరా:
అక్కడే నాకు అభ్యంతరం. బయట రేటు ఎక్కువ ఉంది కాబట్టి ఇచ్చేయమంటే, మొదట తక్కువ చెప్పి ఆర్డర్ పట్టి, అడ్వాన్స్ తీసుకున్నాక పెంచే వాళ్లకు మనమే దారి చూపినట్టు. న్యాయంగా ఎక్కువ రేటు చెప్పినవాడికి ఆర్డర్ పోయింది, తక్కువ చెప్పి తర్వాత పెంచినవాడికి దక్కింది. యూరోపియన్ యూనియన్‌లో ప్యాకేజీ టూర్లకు 2015లో చేసిన రూలు నాకు అందుకే నచ్చుతుంది. పెంచొచ్చని ఒప్పందంలో ముందే రాసి ఉండాలి, ఇంధనం, పన్నులు, మారకపు రేటు లాంటి కారణాలకే పెంచాలి, అవి తగ్గితే ప్రయాణికుడికి కూడా తగ్గించాలి. పెంపు 8 శాతం దాటితే ప్రయాణికుడు జరిమానా లేకుండా రద్దు చేసుకోవచ్చు. మిట్టమధ్యాహ్నం గారు అడిగిన ఆగస్టు ప్రశ్నకు అక్కడ జవాబుంది.

వానచినుకు:
అడ్వాన్స్ ఎలా కట్టారో ఎవరూ అడగలేదు. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే, వస్తువు రాకపోతే బ్యాంకులో చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించమని, అడగొచ్చు. గడువు ఉంటుంది, చాలా సందర్భాల్లో 120 రోజులు, ఏ తేదీ నుంచి లెక్కన్నది బ్యాంకును కనుక్కోండి. నగదు గానీ నేరుగా ట్రాన్స్‌ఫర్ గానీ అయితే ఈ దారి లేనట్టే. నాకు ఫొటో ఆల్బమ్ విషయంలో అలాగే తిరిగొచ్చింది, షాపువాళ్లు "పెంచిన రేటు ఇస్తేనే ప్రింట్" అని పంపిన మెసేజే సాక్ష్యంగా పనికొచ్చింది.

గోడగడియారం:
మాది ట్రాన్స్‌ఫర్ అండి. సరే, బిల్లు సంగతి అడిగాను. బోర్డు ముందే కొన్నామని ఒప్పుకున్నారు! కీళ్లు, ఛానెళ్లు మాత్రం ఇంకా కొనలేదట, వాటి మీద తేడా అడుగుతున్నారు. ఇరవై శాతం మాట మళ్లీ ఎత్తలేదు. ఏమని రాస్తే బాగుంటుంది?

నీలిసిరా:
ఇలా రాయండి: "ఫలానా తేదీన మీరు పంపిన మెసేజ్‌లో మొత్తం ఇంత అని చెప్పారు, ఆ రేటు మీదే అడ్వాన్స్ ఇచ్చాం. మాకు అల్మారా కావాలి, ఒప్పుకున్న రేటుకు మిగతా డబ్బు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాం. ఫలానా తేదీలోగా పని మొదలుపెడుతున్నట్టు రాతలో చెప్పండి. ఆ రేటుకు వీలుకాకపోతే అదే తేదీకి అడ్వాన్స్ తిరిగి ఇవ్వండి." అంతే. కోర్టు, కేసు అనే మాటలు మొదటి మెసేజ్‌లో వద్దు. కీళ్ల తేడా ఇవ్వాలనిపిస్తే, పాత బిల్లూ కొత్త బిల్లూ చూశాక ఆలోచించండి.

తెరచాప:
ఇంకోటి. "మొత్తం" అన్నదాంట్లో ట్యాక్స్ ఉందో లేదో ఇప్పుడే తేల్చుకోండి. రేటు పెంచడం కుదరనివాళ్లు ఆఖర్లో "బిల్లు కావాలంటే ట్యాక్స్ అదనం" అంటారు.

సన్నజాజి22:
ఈసారి నుంచి నేను అడ్వాన్స్ షాపుకు ఇవ్వను. సరుకు అమ్మేవాళ్లకు నేనే నేరుగా కట్టేస్తా, పనివాళ్లకు కూలీ పనిని బట్టి ఇస్తా. ఇది ఎవరైనా చేశారా?

రంపంపొట్టు:
చేసేవాళ్లు ఉన్నారు, నాకు ఇబ్బంది లేదు, నా డబ్బు ఇరుక్కోదు. కానీ ఏ సరుకు తేవాలో నా చేత రాయించుకుని వెళ్లండి, తెచ్చాక "ఇది సరిగ్గా ఉంది" అని కూడా రాయించుకోండి. లేకపోతే రేపు తలుపు వంగితే నేను మీ బోర్డు వైపు చూపిస్తా, బోర్డు అమ్మినాయన నా వైపు చూపిస్తాడు.