శిక్షణలో ఎంపిక కాని లాబ్రడార్‌ను విజయనగరంలో ఎలా పెంచాలి?

అమెరికాలో ఉన్న మా అమ్మాయి, అంధులకు దారి చూపే శునకంగా ఎదగవలసిన లాబ్రడార్ పిల్లను 8 వారాల వయసులో శిక్షణ సంస్థ నుంచి తెచ్చుకుని, బస్సులకూ మెట్లకూ జనానికీ అలవాటు చేస్తూ ఏడాదికి పైగా పెంచి తిరిగి అప్పగించింది. పెద్ద శబ్దం వింటే తోక ముడుచుకుని కదలకుండా నిలబడిపోతున్నదని దానిని ఎంపిక చేయలేదు. దత్తత తీసుకునే అవకాశం మాత్రం ముందుగా మా అమ్మాయికే ఇచ్చారు. వచ్చే ఏడాది ఇద్దరూ ఇక్కడికి వచ్చేస్తున్నారు.

మా ఇల్లు మూడు లాంతర్ల కూడలికి దగ్గర. దసరా తరువాతి మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం నాడు డప్పులతో వీధి హోరెత్తుతుంది. వీడియోలో నా గొంతు వినగానే చెవులు నిక్కించే ఆ మూగజీవి భయంతో వణికితే నేను చూడలేను. ఆ రోజు దానిని లోపలి గదిలో ఉంచాలా, పల్లెలోని బంధువుల ఇంటికి పంపాలా? ఇటువంటి కుక్కను పెంచినవారు దయచేసి చెప్పండి.