తప్పటడుగు అంటే తప్పు అడుగేనా?

చాలా రోజులుగా గ్రూపులో చదువుకుంటూ కూర్చునేదాన్ని, ఇవాళ ఒక మాట పట్టుకుని వచ్చాను. తప్పటడుగు.

నా పని ప్రూఫ్ రీడింగ్. వారంలో రెండు మూడుసార్లైనా ఈ మాట నా టేబుల్ మీదికి వస్తుంది, వచ్చినప్పుడల్లా ఒకటే తీరు. ఫలానా నాయకుడు తప్పటడుగు వేశాడు, ఫలానా కంపెనీ తప్పటడుగు వేసి మునిగింది, యువత తప్పటడుగులు వేస్తోంది. అంటే ఘోరమైన పొరపాటు జరిగింది, ఇక అనుభవించాల్సిందే అని. ఇన్నేళ్లూ నేనూ ఆలోచించకుండా టిక్కు పెట్టి పంపేశాను.

పోయిన నెల మా అమ్మ ఫోన్ చేసి, "చెల్లి కూతురు తప్పటడుగులేస్తోందే, ఆదివారం అరిసెలు, నువ్వు తప్పకుండా రావాలి" అంది. పిల్లకి 11 నెలలు. అమ్మ గొంతులో ఎంత సంబరమో! ఆ మాటలో తప్పు అనేది మచ్చుకైనా వినిపించలేదు. ఫోన్ పెట్టేశాక కాసేపు అలాగే కూర్చుండిపోయాను, ఇంట్లో ఇంత ముద్దుగా అనుకునే మాట ఆఫీసుకొచ్చేసరికి చీవాట్ల మాట ఎప్పుడైందా అని.

మనవాళ్ల లెక్క చూడండి. నవ్వితే నువ్వుండలు, బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, పలికితే పంచదార చిలకలు. నడక బాగా కుదిరాక చేద్దాంలే అని ఎవరూ ఆగరు, తూలుతున్నప్పుడే మూకుడు పొయ్యి మీదికెక్కుతుంది. (బాగా నడిచే వయసొచ్చాక మనకెవరూ ఏమీ వండరు, అది వేరే సంగతి.) ఆ ఆదివారం చాప మీద తెల్లగుడ్డ పరిచి వరసగా అరిసెలు పెట్టి పిల్లని నిలబెట్టారు. రెండు తొక్కింది, మూడోదాని మీద కాలు పెట్టి చతికిలబడింది, పడ్డచోటే ఆ అరిసె తీసి నోట్లో పెట్టుకుంది. అందరూ చప్పట్లు.

ఇప్పుడు నా గొడవ. మూడేళ్ల కిందట ఒక స్కెచ్ బుక్ కొన్నాను, మందపాటి కాగితం, ఖరీదు కూడా కాస్త ఎక్కువే. ఎక్కడికెళ్లినా బ్యాగులో ఉంటుంది, ఒక్క గీత పడలేదు. మొదటి పేజీ కదా, దాన్ని పాడుచెయ్యకూడదని. రోజంతా పక్కవాళ్ల తప్పులు ఏరే కళ్లు ఇంటికొచ్చాక ఊరుకోవు, పెన్సిల్ పట్టుకోకముందే వంకలు మొదలెడతాయి. ఆ రోజు పిల్ల నా బ్యాగు లాగి, పుస్తకం బయట పడేసి, సరిగ్గా ఆ మొదటి పేజీ మీదే నూనె చెయ్యి వేసింది. ఐదు వేళ్లూ పడ్డాయి. ప్రాణం ఉసూరుమంది, ఒక్క క్షణమే, ఆ తర్వాత ఎక్కడలేని హాయి. ఎలాగూ పాడైపోయింది కదా! పక్కనే ఉన్న బాల్‌పెన్నుతో ఆ మరక కిందే పిల్ల పాదాలు గీశాను. చెరిపే వీల్లేదు, నూనె ఉన్నచోట ఇంకు పట్టలేదు, ఎడమ పాదానికి ఆరు వేళ్లొచ్చాయి. అమ్మ చూసి, "దాని అడుగే కాదు, నీదీ తప్పటడుగే" అని నవ్వింది. ఆ నవ్వుకి నాకు సిగ్గు వెయ్యలేదు. అప్పటి నుంచి రోజూ ఏదో ఒకటి గీస్తున్నాను, చాలావరకు ఘోరంగానే.

ఇంతకీ అడగొచ్చిందేమిటంటే, మీ ఊళ్లలో ఈ మాట పిల్లలకేనా, పెద్దలకీ వాడతారా? మధ్యలో ఆ "ట" ఎక్కడిది?

బడిపంతులు: అది టుగాగమం అమ్మా. కర్మధారయంలో, అంటే విశేషణం, నామవాచకం కలిసిన సమాసంలో, ఉత్తు (చివరి ఉకారం) తర్వాత అచ్చు వస్తే ఆ ట చేరుతుందని వ్యాకరణం రాసిన చిన్నయసూరి సూత్రం. చిగురు, ఆకు కలిసి చిగురుటాకు అయినట్టు తప్పు, అడుగు కలిసి సూత్రం ప్రకారం తప్పుటడుగు కావాలి. జనం నోట్లో నలిగి తప్పటడుగుగా నిలిచింది.

నేను: అంటే మాస్టారూ, ఈ మాటే సూత్రం దగ్గర కాస్త తూలి నిలదొక్కుకుందన్నమాట! ఎవరైనా తప్పుటడుగు అని రాస్తే ఇన్నాళ్లూ నేనే తప్పు దిద్దాననుకుని "తప్పటడుగు" చేసి పంపాను. వాళ్లందరికీ క్షమాపణలు.

నల్గొండ నారింజ: అక్కా, మా నాయనమ్మ అనేది, కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని. కాలు చేసిన తప్పుకు మనోళ్లు ముందు నుంచే మాఫీ ఇచ్చిన్రు. తప్పులో కాలేసిండు అన్నా కోపంగా అనరు కదా, నవ్వుకుంటనే అంటరు.

ఆవకాయ జాడీ: నేను పిల్లల డాక్టర్ని. న్యూయార్క్ యూనివర్సిటీలో కారెన్ అడాల్ఫ్ బృందం 12 నుంచి 19 నెలల పిల్లలు ఆడుకుంటుంటే గమనించి, 2012లో ప్రచురించిన లెక్క ఒకటుంది. గంటకి సగటున 2,368 అడుగులు, 17 సార్లు పడటం. పడ్డ ప్రతిసారీ మనలా మొదటి పేజీ గురించి బాధపడితే ఏ పిల్లా గడప దాటదు.

అచ్చుతప్పు: అంతా బావుంది కానీ, ప్రూఫ్ రీడర్ గారే తప్పుల్ని ముద్దుచేస్తే ఎలా అండీ? ఇప్పటికే పేపర్లో ఒత్తులు ఉండటం లేదు.

నేను: పేపర్లో తప్పు తప్పేనండి, అక్కడ జీతం తీసుకునేది దానికే. "యువత తప్పటడుగులు" అని వస్తే రేపూ టిక్కే పెడతాను, వాడుకలో ఆ అర్థం కూడా స్థిరపడిపోయింది, పీకెయ్యడానికి నేనెవర్ని? కాకపోతే అందులో సగం చోట్ల "పొరపాటు" అంటే సరిపోతుందని డెస్కులో అడుగుతాను. నా బొమ్మల పుస్తకానికి మాత్రం ప్రూఫ్ రీడర్ లేదు.

నల్గొండ నారింజ: గదంత సరే, ఆ ఆరువేళ్ల పాదం ఫొటో పెట్టు అక్కా.

నేను: పెట్టాను, కింద చూడండి. పక్కనున్నది నిన్న మళ్లీ గీసింది. ఈసారి నాలుగే వచ్చాయి.