కొండవాలు తోట, వానలు, తోటమాలి: మీ అనుభవాలు చెప్పండి

చింతచెట్టు_కింద · జులై 6

అందరికీ నమస్తే. మాది భాకరాపేట నుంచి తలకోన పోయే దారిలో ఒక పల్లె. నాకు తిరుపతిలో ఉద్యోగం, అమ్మానాయన ఊళ్లోనే ఉండారు. ఇంటి వెనక కొండ అడుగున 40 సెంట్ల తోట. పై గెనిమ (గట్టు) మీద నిలబడితే మా మిద్దె కంటికి సమానంగా కనబడతాది, అంత వాలు. 8 మామిడి చెట్లు, రెండు నిమ్మ, అమ్మ మల్లెపాదులు, కొంచెం కూరగాయలు.

పోయినేడు ఒకాయన్ని పనికి పెట్టుకున్నాం. మంచోడు, పనిరాక్షసుడు. దసరాకంతా తోటను అద్దంలా చేసినాడు. గడ్డిపరక లేకుండా పారతో చెక్కేసినాడు, పార ఆడని చోట గడ్డిమందు కొట్టినాడు. చూసినోళ్లంతా తోటంటే ఇట్లుండాల అన్నారు. నేను ఫోటోలు తీసి స్టేటస్ కూడా పెట్టినా.

నవంబర్లో ముసురు పట్టింది, మూడు దినాలు. మూడోనాడు పొద్దున్నే కింద కయ్య (వరిమడి) రైతు వచ్చి వాకిట్లో నిలబడి, "మీ తోట నా వరిలో ఉంది, వచ్చి ఎత్తుకపోండి" అన్నాడు. పోయి చూస్తే నిజమే, వరి మీద చీలమండ లోతు ఎర్రమన్ను. మా మామిడి చెట్ల వేర్లు బయటపడి, వాటి కింద చెయ్యి దూరుతా ఉండాది.

ఇప్పుడు కొత్త మనిషిని వెతుకుతున్నా. ఎట్లాంటోణ్ణి పెట్టుకోవాల? నెలజీతమా, రోజుకూలీనా, గుత్తకిచ్చేదా?

పాకాల_జంక్షన్ · జులై 6

ముందు నవ్వొచ్చింది, తర్వాత బాధేసింది. అన్నా, పాతాయన తప్పేమీ లేదు. టౌన్‌లో ఇళ్ల ముందర పని చేసి ఉంటాడు, అక్కడ గడ్డి కనబడితే తిడతారు. మీకు కావాల్సింది పూలమొక్కల మనిషి కాదు, మడవ తిప్పడం, అంటే నీళ్లు మళ్లించడం తెలిసినోడు. మీ ఊరి చెరువు కింద కయ్యలకు నీళ్లు వదిలే నీరుగంటి ఎవరైనా మిగిలుంటే ఆయన కాళ్లు పట్టుకోండి. వయసైపోయినా పర్వాలేదు, పార పట్టేదానికి ఇంకొకణ్ణి తోడు పెట్టొచ్చు.

మిద్దె_మీద_మిరప · జులై 7

ఇంత ఆలోచన ఎందుకు సార్. జేసీబీ పిలిపించి ఒక్క రోజులో మెట్లు కొట్టించేయండి. తర్వాత ఎవరైనా చూసుకుంటారు.

గెనిమ_గట్టు · జులై 7

జేసీబీ మాట దయచేసి ఎత్తకండి. మన కొండవాలు నేలల్లో మంచి మన్ను అడుగో అడుగున్నరో, దాని కింద గరుసు. బకెట్టు ఆ మంచి మన్నును కిందేసి గరుసును పైకి తెస్తుంది. పైగా ఎత్తిపోసిన మన్ను వదులుగా ఉంటుంది, మొదటి తుపానుకే జారుతుంది. మా అల్లుడి పొలంలో చూశాను.

తిరుపతి వైపు ఏడాది వానలో పెద్ద వాటా అక్టోబర్, డిసెంబర్ల మధ్యే పడుతుంది. అదీ ఒద్దికగా పడదు, వాయుగుండం వస్తే రెండు మూడు రోజుల్లో కుమ్మరిస్తుంది. 2021 నవంబర్‌లో తిరుమల కొండకు నడిచి ఎక్కే శ్రీవారి మెట్టు దారే దెబ్బతిని నెలల తరబడి మూసేశారు. రాతిమెట్లకే ఆ గతి పట్టినప్పుడు చెక్కేసిన ఎర్రమన్ను ఎంత?

మనిషిని ఎంచడానికి నేను చేసేది చెబుతా. మొదటి రోజు పని చెప్పను. పై గెనిమ నుంచి కిందిదాకా ఆయనతో కలిసి నడుస్తా. "పెద్దవాన పడితే నీళ్లు ఎక్కడ దిగి ఎక్కడికి పోతాయి?" అని ఒక్కటే అడుగుతా. కొందరు వెంటనే ఏ మొక్క ఎక్కడ పెడదామో చెప్పడం మొదలెడతారు. వాళ్లకు టీ ఇచ్చి పంపేస్తా. ఇంకొందరు కిందికి వంగి, గడ్డి ఎటు వాలి ఉందో, చెత్త ఎక్కడ పోగుపడిందో చూస్తారు. అలాంటి మనిషి దొరికితే కూలీ వంద ఎక్కువైనా బేరం ఆడను.

మామిడి చెట్లకు పాదు ఎలా తీస్తావని కూడా అడగండి. చదును నేలలోలా గుండ్రంగా తీస్తానంటే వాలు సంగతి తెలియదన్నమాట. వాలులో అర్ధచంద్రం తీయాలి. గట్టు కింది వైపు, నోరు కొండ వైపు, రెండు కొసలూ ఒకే మట్టంలో. మొదలు చుట్టూ నీళ్లు నిలవకుండా గట్టును నాలుగైదు అడుగులు దూరంగా వేయాలి.

గడ్డి తీయొద్దని కాదు, చెక్కొద్దు. మోకాలెత్తు పెరిగినప్పుడు కొడవలితో కోసి అక్కడే పరిస్తే చాలు.

వడ్డె_రాయి · జులై 8

రాతికట్టు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నా గోడు చెప్పుకుంటా. మాది పుత్తూరు పక్కన. ఇంటి వెనక వాలుకు 5 అడుగుల గోడ కట్టించినా, బాగా సిమెంటు పెట్టి. నీళ్లు కారేదానికి బొక్కలు పెట్టమని నాకు తెలీదు, మేస్త్రీ చెప్పలేదు. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను వానకు గోడ వెనక మన్నంతా నాని, కడుపొచ్చినట్టు ముందుకుబ్బి, రాత్రి రెండింటికి ధబ్బుమని పడింది. కింద ఎవరూ లేరు, అదొక్కటే అదృష్టం.

తర్వాత రాళ్ల పని తెలిసిన ముసలాయన ఒకాయన సిమెంటు లేకుండా మూడడుగుల కట్టలు రెండు కట్టించినాడు. పొడుగు రాళ్లను అడ్డంగా కాదు, కొండలోకి దూర్చి పేర్చినాడు. కట్టను కొండ వైపుకు వాల్చి, వెనక గులకరాళ్లు పోసినాడు. నీళ్లు సందుల్లోంచి కారిపోతాయి, రాయి నిలబడుంటాది. తోటమాలే కట్ట కూడా కడతానంటే నమ్మొద్దు, ఎక్కడో కట్టింది పోయి చూడండి.

ఇంకొక మాట. రాళ్ల సందుల్లో తేళ్లుంటాయి, పాములుంటాయి. పనోడికి గమ్‌బూట్లు, మంచి టార్చి మీరే కొనివ్వండి.

కుప్పం_అక్క · జులై 9

కూలీ సంగతి నేను చెప్తా. మా వైపు మగమనిషికి 700, ఆడమనిషికి 400 ఇస్తాం. వాలులో గడ్డి కోసి పరిచేది, పిలకలు నాటేది, తట్టలతో మన్ను మోసేది ఎక్కువగా ఆడోళ్లే. అయినా కూలీ దగ్గరికొచ్చేసరికి ఈ తేడా ఏందో నాకు అర్థం కాదు. నేను ఇద్దరికీ 600 ఇస్తా. ఊళ్లో నలుగురు తిట్టుకున్నారు, తిట్టుకోనీ.

పొద్దున ఆరింటికే రమ్మనొద్దబ్బా. మాకు కౌండిన్య అడవి పక్కనే, ఏనుగులు పనసకాయ వాసనకొస్తాయి. మీకు తలకోన పక్కన అడివి పందులుంటాయి. బాగా తెల్లారినాకే మనిషి తోటలోకి దిగాల. పందులకని ఎవడైనా కరెంటు తీగ పెడదామంటే ఆ మనిషిని ఆ రోజే మాన్పించు. అది నేరం, మన మనుషులే చస్తారు.

అడ్వాన్సు చేతికియ్యొద్దు. నేను గంగజాతరకు 5 వేలిచ్చినా. జాతర అయిపోయింది, మనిషి లేడు.

పాకాల_జంక్షన్ · జులై 9

అక్కా, జాతరకెవరైనా అడ్వాన్సు ఇస్తారా! ఆ డబ్బు మా ఊరి మేకకే పోయుంటాది 😄

ఎప్పుడు వెతకాలన్నది కూడా చూసుకో అన్నా. ఇప్పుడు మామిడికాయ కోతలు, చెనక్కాయ విత్తనం, ఎవరూ దొరకరు. ఆగస్టు సగం అయినాక కొంచెం ఖాళీ అవుతారు. గట్ల పని అక్టోబర్ లోపల ముగియాల.

గెనిమ_గట్టు · జులై 10

నెలజీతమా, రోజుకూలీనా అన్నారు కదా. మామూలుగా వాన పడితే పని లేదని ఆ రోజు కూలీ ఎగ్గొడతాం. ఏటవాలు తోటలో అసలు పని వాన రోజే ఉంటుంది. ఏ గట్టు తెగింది, నీళ్లు ఏ సందు పట్టుకున్నాయి, ఇవి వాన కురుస్తున్నప్పుడే కనపడతాయి, మర్నాడు ఎండొచ్చాక కాదు. ఆ పూట పార పట్టుకుని రెండు గంటలు తిరిగినందుకు పూర్తి రోజుకూలీ ఇస్తానని ముందే మాటివ్వండి. గుత్తకిస్తే మాత్రం పని తొందరగా ముగించాలని చూస్తారు, మళ్లీ తోట అద్దంలా తయారవుతుంది.

వాలుకు అడ్డంగా వట్టివేరు సాళ్లు వేయించండి. పిలకలు 10–15 సెంటీమీటర్లకొకటి నాటాలి. వేరు పక్కలకు పాకదు, నిలువునా 3 మీటర్ల దాకా దిగుతుంది, మామిడితో పెద్దగా పోటీ ఉండదు. సాలు ఒకే మట్టంలో లేకపోతే మాత్రం నీళ్లన్నీ పల్లపు కొసకు చేరి అక్కడే గండి కొడతాయి.

చింతచెట్టు_కింద · సెప్టెంబర్ 14

అందరికీ థ్యాంక్స్. మనిషి దొరికినాడు. 60 దాటిన పెద్దాయన, రెండు ఆవులుండాయి, చెరువు కింద నీళ్లు తిప్పిన మనిషే. గెనిమ_గట్టు సార్ చెప్పినట్టు నడిపించి అడిగినా. జవాబు చెప్పలా. పై గెనిమ దగ్గర చెప్పులు విడిచి, ఒక్కో చోట కాలివేళ్లతో మన్ను నొక్కుకుంటా దిగినాడు. నిమ్మచెట్టు దగ్గర ఆగి, "ఈడ తడి ఉండాది నైనా, ఇది బతకదు" అన్నాడు.

మట్టం చూసేదానికి మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు తెచ్చుకున్నాడు. కళ్లు సరిగా ఆనవని దాంట్లో పసుపు కలిపినాడు. ఒక కొస ఆయన, ఇంకో కొస మా అమ్మ పట్టుకుని, పసుపు నీళ్లు రెండు పక్కలా ఒకే గీత మీదికొచ్చిన చోటల్లా పుల్ల గుచ్చినారు. నేను కంటితో చూసి ఇదే అడ్డం అనుకున్న గీతకూ ఆ పుల్లల వరసకూ అవతలి కొసలో మూడడుగుల తేడా! ఆ పుల్లల వెంటే వట్టివేరు మూడు సాళ్లు వేసినాం. నాటింది ఊళ్లో ఇద్దరు ఆడోళ్లు. కుప్పం_అక్క మాట గుర్తొచ్చి అందరికీ ఒకే కూలీ ఇచ్చినా. పెద్దాయన ఒక దినం మూతి ముడుచుకున్నాడు, అంతే.

చింతచెట్టు_కింద · డిసెంబర్ 8

పోయిన వారం రెండు దినాలు ఆగకుండా కొట్టింది. నేను తిరుపతిలో ఇరుక్కుపోయినా, అమ్మ ఫోన్లో చెప్తా ఉంది. పెద్దాయన గోనెసంచి నెత్తిన కప్పుకుని పొద్దున, సాయంత్రం వచ్చినాడంట. రెండో గట్టుకు పందికొక్కు బొక్క పడి నీళ్లు దాంట్లో దూరతా ఉంటే, రాళ్లు కుక్కి పైన బంకమన్ను తొక్కినాడు. ఆ పూట చూడకపోయింటే గట్టు పోయేదే. 2021లో రాయలచెరువు కట్ట కారినప్పుడు పల్లెల్ని ఖాళీ చేయించినారు కదా, అమ్మకు అదే గుర్తొచ్చి ఆ రాత్రంతా నిద్రపోలేదంట.

వట్టివేరు ఇంకా పలచనే, సందుల్లోంచి కొంచెం మన్ను దిగింది. నిమ్మచెట్టు పెద్దాయన చెప్పినట్టే పోయింది. కింద కయ్య రైతు వచ్చినాడు. "ఈసారి మన్ను రాలేదు, నీళ్లు మాత్రం నా గెనిమ మీదే పడతాండాయి, కాలవను వంక (వాగు) వైపు తిప్పుకోండి" అన్నాడు. న్యాయమే. సంక్రాంతి అయినాక ఆ పని.

వడ్డె_రాయి · డిసెంబర్ 8

పిలకలు యాడ తెచ్చినారు అన్నా? నాకొక 200 కావాల.

చింతచెట్టు_కింద · డిసెంబర్ 9

పెద్దాయన వాళ్ల బావి గట్టున పొదలుండాయి, అక్కణ్ణుంచే. ఆదివారం రండి, గోతం మీరే తెచ్చుకోండి. పదకొండు లోపల వస్తే మేలు, ఆ తర్వాత ఆయన ఆవుల్ని తోలుకుని పోతాడు.