ఆఫ్రికా మాస్కుకు ధర కట్టేది ఎవరు? చెక్కినవాడా, అమ్మినవాడా?

పాతసామాన్లు:
ఫ్రాన్స్‌లో నడిచిన ఒక కేసు ముందు పెడతాను, మీ అభిప్రాయం చెప్పండి. 2021లో ఒక ముసలి దంపతులు తమ పాత ఇల్లు ఖాళీ చేస్తూ సామాను సెకండ్‌హ్యాండ్ వ్యాపారికి అమ్మేశారు. అందులో ఓ ఆఫ్రికా మాస్కు ఉంది. దానికి వ్యాపారి ఇచ్చింది 150 యూరోలు. 2022 మార్చిలో మోంపెలియె ఊళ్ళో వేలం వేస్తే అదే మాస్కు 42 లక్షల యూరోలు పలికింది! గాబన్ దేశపు ఫాంగ్ జనం చేసుకున్న 'న్గిల్' మాస్కు అది. ఆ కుటుంబంలో ఒకాయన ఫ్రెంచి వలస పాలనలో గవర్నరుగా చేశాడు, 1917 ప్రాంతంలో ఆయన చేతికొచ్చింది. దంపతులు కోర్టుకెక్కారు. 2023 డిసెంబరులో ఆలెస్ కోర్టు, అమ్మేముందు విలువ కనుక్కోకపోవడం మీ నిర్లక్ష్యమే అని వ్యాపారి వైపే తీర్పిచ్చింది. మధ్యలో గాబన్ ప్రభుత్వం వచ్చి మాస్కు మాది అంటే, ఆ అభ్యర్థననూ కొట్టేసింది.

150కీ 42 లక్షలకీ మధ్య ఆ చెక్కలో వచ్చిన మార్పు ఏమీ లేదు. అందుకే నా వాదన ఇది: ఆఫ్రికా కళ విషయంలో 'విలువ', 'ఒరిజినల్' రెండూ వ్యాపారులు తయారుచేసిన సరుకే. కాదనేవాళ్ళు రండి.

లాయర్_సుధ:
నేను కాదంటాను. వేలానికి ముందు ఆ చెక్కకు వయసు తేల్చే కార్బన్ పరీక్ష చేయించారు, నిపుణుల చేత నివేదిక రాయించారు. ఉన్న విలువను బయటికి తీశారే గానీ పుట్టించలేదు. న్గిల్ అంటే ఊరూరా తిరిగి చేతబడి చేసినవాళ్ళను పట్టుకుని శిక్షించే ఒక రహస్య సంఘం. ఫ్రెంచివాళ్ళు దాన్ని నిషేధించారు. ఆ మాస్కులు ప్రపంచం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. అరుదైన వస్తువుకు ధర రావడంలో వ్యాపారి గొప్పతనం ఏముంది?

పాతసామాన్లు:
సుధ గారూ, అరుదైన వస్తువులన్నిటికీ కోట్లు రావు కదండీ. మా తాతగారి పాత రోలు కూడా అరుదే. కోట్లు పెట్టి కొనేవాడు ఒకడు తయారవ్వాలి, వాడికి ఏది మంచిదో ఎవరో ఒకరు నేర్పాలి. న్గిల్ మాస్కు గొప్పదని యూరప్‌కు నేర్పింది ఎవరు?

మ్యూజియం_పిచ్చి:
దీనికి నేను జవాబు చెప్తా, కాస్త పొడుగవుతుంది.

నేర్పింది ప్యారిస్ డీలర్లు. 1910ల నుంచి పాల్ గియోమ్ అనే ఆయన ఫాంగ్ జనం బొమ్మలను, ఐవరీ కోస్ట్ బావులే జనం బొమ్మలను పికాసో తరం చిత్రాల పక్కన పెట్టి అమ్మాడు. అమెరికాలో బార్న్స్ అనే ఆయన కూడబెట్టిన సేకరణకు ఆఫ్రికా సరుకులో పెద్ద భాగం ఆయన దగ్గర నుంచే వెళ్ళింది. 1935లో న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియం ఆరు వందల దాకా ఆఫ్రికా వస్తువులతో ప్రదర్శన పెట్టినప్పుడు, షార్ల్ రాటన్ అనే మరో ప్యారిస్ డీలరు చాలా వస్తువులు సర్దాడు. మ్యూజియం ఏది చూపాలో తేలడంలో డీలరు గోడౌనుకు కూడా భాగం ఉందన్నమాట.

ఇంకోటి. మాస్కు అంటే మనం ఫొటోల్లో చూసే ఉత్త ముఖం చెక్క కాదు. దానికి నారతో చేసిన కుచ్చులు, ఒళ్ళంతా కప్పే దుస్తులు, ఈకలు, వెనక డప్పులు, ఆట అన్నీ ఉంటాయి. ప్యారిస్ చేరేసరికి నార పీకేసి, చెక్కను తుడిచి, నల్లగా మెరిసేలా చేసి, చక్కని దిమ్మె మీద నిలబెట్టేవాళ్ళు. ఇనగాకి అనే జపాన్ పనివాడు ప్యారిస్‌లో చేసిన దిమ్మెలకు ఎంత పేరంటే, ఇవాళ వేలం కేటలాగుల్లో ఫలానా బొమ్మ కింద ఇనగాకి దిమ్మె ఉంది అని ప్రత్యేకంగా రాస్తారు. బొమ్మ చెక్కినవాడి పేరు మాత్రం ఎక్కడా ఉండదు! నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

తమాషా ఏంటంటే ఇప్పుడు ఫ్యాషన్ మారింది. నార ఉంటేనే ఒరిజినల్ అని వెతుకుతున్నారు. అప్పుడు పీకినవాడూ వ్యాపారే, ఇప్పుడు కొత్త నార కట్టి పాతదని అమ్మేవాడూ వ్యాపారే.

కొత్తవాడు99:
అయితే ఆఫ్రికాలో అమ్మేవాళ్ళు అమాయకులా? మోసమంతా తెల్లవాళ్ళదేనా?

మ్యూజియం_పిచ్చి:
అమాయకులు ఎందుకవుతారు బ్రదర్! ఐవరీ కోస్ట్‌లో అబిజాన్ మార్కెట్ల సంగతి చూడండి. చెక్కేవాళ్ళు సెనూఫో, బావులే, గురో జనం. అమ్మేవాళ్ళు ఎక్కువగా హౌసా, జూలా, వోలోఫ్ ముస్లిం వ్యాపారులు. ఆ బొమ్మలు వాళ్ళ దేవుళ్ళు కావు, వాళ్ళ ఆచారం కాదు. వాళ్ళకవి సరుకు. ఆ దూరం ఉంది కాబట్టే కొనేవాడి మనసు చల్లగా చదవగలరు. యూరప్ నుంచి వచ్చే పుస్తకాలు, వేలం కేటలాగులు తిరగేసి, ఏ బొమ్మకు గిరాకీ ఉందో చూసి అది చెక్కిస్తారు. మంచి ముక్కను షాపు ముందు పెట్టరు. వెనక గదిలో గుడ్డలో చుట్టి ఉంచి, 'మీకు మాత్రమే' అని తీస్తారు. తనే కనిపెట్టాననే సంబరం కొన్నవాడిది.

'కొలోన్' (ఫ్రెంచిలో వలస దొర అని) బొమ్మల కథ ఇంకా బాగుంటుంది. బావులే వాళ్ళలో ప్రతి మనిషికీ పరలోకంలో ఒక భర్తో భార్యో ఉంటారని నమ్మకం. ఆ జతగాళ్ళు కోపగించుకుంటే వాళ్ళ పేరున బొమ్మ చెక్కించి ఇంట్లో పెట్టుకుంటారు. కాలం మారాక ఆ పరలోకపు మొగుడికి సూటు, టోపీ, చేతికి వాచీ పెట్టి చెక్కించారు. మొగుడన్నాక బాగా సంపాదించినవాడిలా ఉండాలి కదా! వ్యాపారులు వీటిని విదేశీయులకు 'ఇవి వలస పాలనలో తెల్ల దొరలను చూసి చెక్కినవి' అని చెప్పి అమ్మారు. ఆ కథకు గిరాకీ రాగానే కొత్తవి చెక్కించి, నిగనిగలాడే పెయింటు వేయించి, మళ్ళీ అదే పెయింటును గరుకు కాగితంతో అక్కడక్కడా గీకించి, రంగునీళ్ళు పూయించి పాతవి చేశారు. నిజం బొమ్మ, నకిలీ వయసు, అబద్ధం కథ. ఇందులో ఏ భాగాన్ని ఒరిజినల్ అంటారో సుధ గారు చెప్పాలి.

లాయర్_సుధ:
చెప్తాను. బొమ్మ ఒరిజినల్. వయసు గురించి చెప్పింది మోసం. రెంటినీ కలిపి 'అంతా సాపేక్షమే' అంటే మోసగాడికి రక్షణ దొరుకుతుంది.

దారెస్సలాం_బాబాయ్:
నేను టాంజానియాలోని దారెస్సలాంలో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడ మ్వెంగే అనే చోట చెక్క బొమ్మల మార్కెట్టు ఉంది. మన తెలుగువాళ్ళు ఇండియా వెళ్ళేముందు గిఫ్టుల కోసం అక్కడే తిరుగుతారు. మకోండే అనే తెగవాళ్ళు చెక్కే బొమ్మలకు వాడేది మ్పింగో, నల్లచేవ కలప. నీళ్ళలో వేస్తే మునుగుతుంది, అంత బరువు. మామూలు కలపకు నల్ల బూటు పాలిష్ కొట్టి మ్పింగో అని అంటగట్టేవాళ్ళూ ఉన్నారు. ఒకసారి నాకూ తగిలింది: బొమ్మ చేతిలోకి తీసుకుంటే దూదిలా తేలికగా ఉంది, వేళ్ళకు నలుపు అంటింది. అడుగున గోటితో గీకి చూడండి. మ్పింగోకు అంచున లేత పసుపు చారలా పైపొర ఉంటుంది. మంచి పనివాళ్ళు దాన్ని కొంచెం వదిలే చెక్కుతారు, చూపించడానికి.

కానీ నేను చెప్పదలచింది మోసం గురించి కాదు. మకోండే వాళ్ళు చాలామంది మొజాంబిక్ నుంచి సైసల్ నార తోటల్లో కూలికి ఇటు వచ్చినవాళ్ళు. 1950లలో మొహమ్మద్ పీరా అని భారతీయ మూలాలున్న వ్యాపారి దారెస్సలాంలో వాళ్ళ దగ్గర బొమ్మలు కొంటూ, కొత్తగా చెక్కినవాటిని ప్రోత్సహించాడు. సమాకి అనే శిల్పి దయ్యాల బొమ్మలు, అదే 'షెతాని' చెక్కడం మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే. ఒంటి కన్ను, మెలితిరిగిన కాళ్ళు, పొడుగు చెవులు. ఇవాళ మకోండే కళ అనగానే గుర్తొచ్చేది అదే. పూజకు పుట్టింది కాదు, అమ్మకానికే పుట్టింది. అలా అని నకిలీ అంటారా? నేననను. ఒక శిల్పి ఊహ, దాన్ని కొనే ధైర్యం చేసిన ఒక వ్యాపారి, రెండూ కలిస్తేనే వచ్చింది. పాతసామాన్లు గారు వ్యాపారిని తిట్టినట్టూ పొగిడినట్టూ రాశారు. నేను మాత్రం పీరా లాంటివాళ్ళను పొగుడుతాను.

పాతసామాన్లు:
బాబాయ్, పొగడండి, కాదనను. కానీ 'తెగలో వాడకానికి చేసిందే అసలైనది, అమ్మడానికి చేసింది చవకబారు' అనే కొలత తెచ్చింది కూడా ఈ వ్యాపారమే కదా. ఆ కొలత ప్రకారం బతికున్న శిల్పి ఎంత బాగా చెక్కినా వాడిది టూరిస్టు సరుకు. చచ్చిపోయి, పేరు మరిచిపోతే మాస్టర్‌పీసు. నైజీరియాలో ఈసె ఊరి ఓలోవె అనే శిల్పి లాగా పేరు మిగిలినవాళ్ళు ఎంతమంది? ఆయన 1938లో పోయాడు. ఆయన చెక్కిన తలుపులు, వసారా స్తంభాలు ఇవాళ పెద్ద మ్యూజియాల్లో ఆయన పేరుతోనే ఉన్నాయి. అలాంటివాళ్ళు మరికొందరు ఉంటే ఉంటారేమో, మిగతావాళ్ళంతా పేరు తెలియనివాళ్ళు.

లాయర్_సుధ:
మీరంతా అసలైనదా నకిలీదా అని కొట్టుకుంటున్నారు. నాకు అంతకన్నా టెన్షన్ పెట్టేది వేరే. 1984లో టాంజానియా నేషనల్ మ్యూజియం నుంచి ఒక మకోండే మాస్కు దొంగిలించారు. మరుసటి ఏడాదికల్లా అది ప్యారిస్‌లో అమ్ముడై జెనీవాలోని బార్బియె-మ్యుల్లర్ మ్యూజియానికి చేరింది. తిరిగి టాంజానియా చేరడానికి 2010 దాకా పట్టింది. ఇక్కడ మాస్కు నూటికి నూరు పాళ్ళు ఒరిజినల్. అబద్ధమల్లా అది ఎక్కడి నుంచి వచ్చింది అన్నదాంట్లోనే.

మనకూ ఇది తెలియని సంగతి కాదు. ప్రకాశం జిల్లా చందవరం నుంచి పోయిన బౌద్ధ శిల్పాన్ని న్యూయార్క్ గ్యాలరీ ఒకటి అమ్మితే, 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ కొనుక్కుంది. 2016లో వెనక్కి ఇచ్చారు. అక్కడ కూడా శిల్పం అసలుదే, దాని వెనక చెప్పిన చరిత్ర కాగితాలే తప్పుడువి. వ్యాపారి కథకు విలువ కట్టే మార్కెట్టులో దొంగ సరుక్కు మంచి కథ అల్లడం కూడా ఒక వృత్తే. పీరాను పొగిడే చేత్తోనే ఆ వృత్తిని కూడా చూడండి బాబాయ్ గారూ.

దారెస్సలాం_బాబాయ్:
చూస్తున్నానమ్మా. అయితే తేడా ఉంది. పీరా కొన్నది ఎదురుగా నిలబడ్డ మనిషి దగ్గర, వాడికి డబ్బిచ్చి. మీ కేసుల్లో డబ్బు తీసుకున్నవాడు చెక్కినవాడూ కాదు, వస్తువు వాడుకున్న ఊరూ కాదు.

కొత్తవాడు99:
అన్నలూ అక్కలూ, నా సంగతి చెప్పండి. వచ్చే నెల ఆఫీసు పని మీద దారెస్సలాంకే వస్తున్నా. ఏం అడిగి కొనాలి?

దారెస్సలాం_బాబాయ్:
ఎంత పాతది అని అడగకు. అలా అడిగితే వందేళ్ళు అనే జవాబే వస్తుంది. ఎవరు చెక్కారు, ఆయన్ను కలవొచ్చా అని అడుగు. మ్వెంగేలో చాలామంది షాపు వెనకే కూర్చుని చెక్కుతుంటారు, చూపిస్తారు. చెక్కినవాడి దగ్గరే బేరం ఆడు, మరీ గీచి గీచి ఆడకు. అడుగున వాడి పేరు చెక్కించుకో.

మ్యూజియం_పిచ్చి:
పేరు చెక్కిస్తే రేపు తిరిగి అమ్మాలన్నప్పుడు ధర పడిపోతుంది, చెప్తున్నా. సేకరించేవాళ్ళు ఇంకా పేరులేనివాటి వెనకే పడుతున్నారు.

దారెస్సలాం_బాబాయ్:
ఆ కుర్రాడు గోడకు పెట్టుకోవడానికి కొంటున్నాడు బాబూ, వేలానికి కాదు. చెక్కించుకోనివ్వు.