వీధిలో ఏళ్లుగా కదలని కారు: ఎవరైనా తీయించగలిగారా?

వసంతనగర్_వాసి: పక్కింటివాళ్ల పాత మారుతి 800 మా గోడ పక్కనే పడి ఉంది. టైర్లు నేలకు అంటుకుపోయాయి, బానెట్‌లో ఎలుకలు కాపురం పెట్టాయి. అవే మా కొత్త బండి వైర్లు కొరికేశాయి. అడిగితే "మావాడు అమెరికా నుంచి వచ్చాక చూద్దాం" అంటారు. రోజూ మొహాలు చూసుకునేవాళ్లం. గొడవ లేకుండా తీయించే దారి ఉందా? ఎలుకలకు మీరేం వాడుతున్నారు?

మల్కాజిగిరి_అక్క: మా సందు మలుపులోనూ ఇలాంటిదే. మా మామగారికి గుండెనొప్పి వచ్చిన రాత్రి 108 బండి తిరగలేక మెయిన్ రోడ్డు మీదే ఆగిపోయింది. స్ట్రెచర్ మీద అక్కడిదాకా మోసుకెళ్లాం. మొహమాటాలు పక్కనపెట్టి స్టేషన్‌కి వెళ్లండి.

మాజీ_ఆర్టీఏ: సర్వీసంతా రవాణా శాఖలోనే చేశాను, నా మాట వినండి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 127. బహిరంగ స్థలంలో 10 గంటలు దాటి వదిలేసిన బండిని యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి టోయింగ్ చేయించవచ్చు. ఖర్చు ఓనరుదే.

సెల్లార్_లేదు: 10 గంటలా? రాత్రి తొమ్మిదికి పెట్టి పొద్దున ఎనిమిదికి తీసే నా బండినీ ఎత్తుకెళ్తారా?

మాజీ_ఆర్టీఏ: "చేయించవచ్చు" అన్నాను, "చేయించాలి" అనలేదు. రోజూ తిరిగే బండి జోలికి ఎవరొస్తారు? సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. ఆర్సీ గడువు తీరిందేమో చూసి ఫిర్యాదులో రాయండి.

వనస్థలిపురం_మేడ: ఇంత తతంగం ఎందుకు? మేం గేటు ముందు రాళ్లు, పూలకుండీలు పెట్టేశాం. ఎవడూ బండి ఆపడు.

అద్దింటి_మనిషి: రోడ్డు మీ తాతగారిదా? మీ కుండీలు, మీ ర్యాంపు కలిసి సగం వీధిని మింగేస్తే మేం బండి నెత్తిన పెట్టుకోవాలా?

వనస్థలిపురం_మేడ: ఆస్తిపన్ను కట్టేది మేము. మాటలు జాగ్రత్త.

అద్దింటి_మనిషి: అది ఇంటికి కడుతున్నారు, రోడ్డుకు కాదు. లైఫ్ ట్యాక్స్ మేమూ కట్టాం. పాత కారు పెట్టడం తప్పైతే కుండీలు పెట్టడమూ తప్పే.

మాజీ_ఆర్టీఏ: ఇది మాత్రం నిజం. అదీ ఆక్రమణే.

చవితి_కమిటీ: మా వీధిలో పందిరికి అడ్డమొచ్చిన కారును కుర్రాళ్లు జాకీ పెట్టి లేపి, ఖాళీ ప్లాటులోకి నెట్టేశారు. ఓనరు వచ్చి నానా తిట్లు తిట్టాడు. ఆ వారంలోనే పాత ఇనుము వాళ్లకు అమ్మేశాడు!

సెల్లార్_లేదు: నవరాత్రులు వీధంతా మూసేసే మీరా మాట్లాడేది?

మల్కాజిగిరి_అక్క: పండగ జోలికి వెళ్లొద్దు. అయినా ఓనరుకు చెప్పకుండా కదిపితే, చిన్న గీత పడినా కేసు మీమీదకే వస్తుంది.

మాజీ_ఆర్టీఏ: అమ్మినాయన ఆర్సీ రద్దు చేయించాడా? బండి పనికిరాకుండా పోతే సెక్షన్ 55 ప్రకారం 14 రోజుల్లో ఆర్టీఓకు తెలపాలి. ఆ నంబరు ప్లేటుతో ఇంకెవడైనా తిరిగితే పోలీసులు తలుపు తట్టేది పాత ఓనరు ఇంటికే. మీ కుర్రాళ్లతో వెంటనే చెప్పించండి.